అన్న మాట ఎవరిది?

సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం



ప్రతాపరెడ్డిగారి పేరు మీద మాట్లాడాలని కబురు వచ్చినప్పుడు ముందు సంతోషం కలిగింది, ఆ వెంటనే బరువు తెలిసింది. 1896లో పుట్టి 1953లో కన్నుమూసిన ఆ మనిషి యాభై ఏడేళ్లలో ఎన్ని పనులు చేశారో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. వకీలు చదువు చదివారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టి, ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు అక్షరానికి వారానికి రెండుసార్లు ఊపిరి పోశారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో, తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందుకోవడానికి అప్పటికి ఆయన లేరు.

అలాంటి సంపాదకుడి పేరు మీద జరిగే సభలో ఒక సంపాదకుడి ప్రశ్ననే ఎత్తుకుంటాను. ఒక మనిషి నలుగురిలో ఒక మాట అన్నాడు. నలుగురూ దానికి బదులు చెప్పారు. ఆ తర్వాత అతను తన మాటను ఆనవాలు లేకుండా తుడిచేయవచ్చునా?

మన పెద్దలకు ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఎదురుకాలేదు. రచ్చబండ మీద అన్న మాట గాలిలో కలిసేది, అచ్చులో అన్న మాట నిలిచేది. ఇప్పుడు రచ్చబండ కబురు కూడా అక్షరాల్లో నిలుస్తోంది, అచ్చులాంటి అక్షరం కూడా వేలితో తాకితే మాయమవుతోంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని సామెత చెప్పుకున్నవాళ్లం. ఆ తీసుకునే వీలు ఇప్పుడు చేతికి వచ్చింది. దాన్ని ఎలా వాడుకోవాలన్నది తేల్చుకోవలసినవాళ్లం మనమే.

నా జవాబు దాచుకోకుండా ముందే చెబుతాను. బదులు వచ్చేదాకా మాట అన్నవాడిది. బదులు వచ్చాక అది అన్నవాడిదీ, బదులు చెప్పినవాడిదీ కూడా. ఉమ్మడి సొత్తును ఒక్కరే పారేయకూడదు. కానీ ఆ సొత్తు మీద ఉన్న తన పేరును తీసుకుపోయే హక్కు మాత్రం ఆ ఒక్కరికీ ఎప్పటికీ ఉండాలి. ఈ మాటను ఏడు మెట్లలో నిలబెట్టడానికి ప్రయత్నిస్తాను.

1. ఒక మాట, 354 మంది జవాబు

మొదటి మెట్టు ప్రతాపరెడ్డిగారి ఇంట్లోనే ఉంది. నైజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశారు. పూజ్యం అంటే ఇక్కడ సున్న. ఆ ఒక్క మాట తెలంగాణను కలచివేసింది. దానికి ప్రతాపరెడ్డిగారు ఇచ్చిన నిలకడైన జవాబు 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచిక. అందులో 354 మంది కవులున్నారు. ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, అచ్చు వేసి, లెక్క చూపించారు.

ఇప్పుడు ఒక్క క్షణం ఇలా ఊహించండి. సంచిక వెలువడిన మర్నాడు ఆ పండితుడి చేతికి, లోకంలో ఉన్న ప్రతి ప్రతిలోంచీ తన వాక్యాన్ని చెరిపేసే శక్తి వచ్చిందనుకోండి. ఆయన చెడ్డ ఉద్దేశంతోనే చెరిపారని అనుకోనక్కర్లేదు. పొరపాటు తెలుసుకుని, సిగ్గుపడి, మంచి మనసుతోనే చెరిపేశారనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? 354 మంది కవులు మిగులుతారు, వాళ్ల పద్యాలూ మిగులుతాయి. కానీ ఆ పుస్తకం ఎందుకు పుట్టిందో, అంతమంది ఒక్కసారిగా గొంతు ఎందుకు కలిపారో చెప్పే ఆధారం ఉండదు. అవమానానికి జవాబుగా నిలిచిన పుస్తకం వట్టి పద్యసంకలనం అయిపోతుంది. ఇంత హడావుడి ఎందుకు చేశారని కూడా ఎవరైనా అడగవచ్చు.

ఆ వాక్యాన్ని ఈరోజు మనం గుర్తు చేసుకునేది ఆ పండితుణ్ణి నిందించడానికి కాదు. అందుకే ఆయన పేరు ఇక్కడ ఎత్తలేదు. ఆ జవాబు నిలబడిన నేల అదే కాబట్టి గుర్తు చేసుకుంటాం. ప్రశ్నను తీసేస్తే జవాబు కూలుతుంది. మాట అన్నవాడు చెరిపేది తన మాటనే అయినా, దానితో పాటు ఎదుటివాడి మాటకు ఉన్న అర్థం కూడా చెరిగిపోతుంది.

2. నేను చేసిన తప్పు

రెండో మెట్టు నా సొంత అనుభవం. చాలా ఏళ్ల కిందట మేం కొందరం కలిసి ఒక చిన్న మాసపత్రిక నడిపేవాళ్లం. పాఠకుల ఉత్తరాలకు రెండు పేజీలు ఉండేవి. ఒక నెల ఒక అమ్మాయి ఉత్తరం వచ్చింది. పెళ్లయి ఏడాది దాటింది. కట్నం బాకీ తీరలేదని ఆమెను పుట్టింటికి పంపడం లేదు. సంక్రాంతికి తీసుకువెళ్దామని వచ్చిన తమ్ముడు గడప దగ్గర నుంచే తిరిగి వెళ్లాడు. వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోయానని రాసింది. కింద పేరు, ఊరు పెట్టింది. ఉన్నది ఉన్నట్టు వేశాం.

మర్నెల మూడు జవాబులు వచ్చాయి. ఒక పెద్దమనిషి, ఇంటిగుట్టు వీధిలో పెట్టిందని మందలించారు. ఒక కాలేజీ కుర్రవాడు అన్నగారిలా ధైర్యం చెప్పాడు. మూడోది ఒక పెద్దావిడ రాసింది. అమ్మా అని మొదలుపెట్టి, తన ముప్పయ్యేళ్ల కాపురం సంగతి చెప్పి, నీ తమ్ముడు తప్పకుండా మళ్లీ వస్తాడని ముగించింది. మూడూ వేశాం.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి నుంచి ఒక కార్డు. తన ఉత్తరం తీసేయమని మాత్రమే ఉంది. పత్రిక అప్పటికే ఊళ్లు చేరింది. అయితే ఉత్తరాలన్నిటినీ కలిపి ఒక సంకలనం వేసే పనిలో ఉన్నాం. అందులోంచి ఆమె ఉత్తరాన్ని తీసేశాను. జవాబులు రాసినవాళ్లు తీసేయమనలేదు కాబట్టి వాటిని ఉంచాను. న్యాయమైన పనే చేశాననుకున్నాను.

చాలాకాలం తర్వాత ఒకామె ఆ సంకలనం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మూడో ఉత్తరం రాసిన పెద్దావిడ కూతురు. మా అమ్మ రాసింది అచ్చులో పడింది ఇదొక్కటేనండీ, ఎవరిని ఉద్దేశించి రాసింది అని అడిగారు. నా దగ్గర పాత సంచిక లేదు. నోటితో చెప్పాను, కానీ చూపించలేకపోయాను. ఆ పుస్తకంలో ఆవిడ ఈనాటికీ అమ్మా అని పిలుస్తూనే ఉంది. ఎవరిని పిలుస్తోందో చదివేవాళ్లకు తెలియదు.

ఆ అమ్మాయి భయపడడంలో తప్పు లేదు. ఆమె అడగడంలోనూ తప్పు లేదు. తప్పు నాది. ఎక్కడ చేశానో చివరి మెట్టు మీద చెబుతాను.

3. తుడిచేయమనే పక్షానికి ఉన్న న్యాయం

మూడో మెట్టు మీద ఎదుటి పక్షాన్ని నిండుగా వినాలి. మాటను వెనక్కి తీసుకోవాలనుకునేవాళ్లంతా బాధ్యత తప్పించుకునేవాళ్లు కారు. పదిహేనేళ్ల వయసులో ఆవేశంతో అన్న మాట ముప్పయ్యేళ్లకు పెళ్లిచూపుల్లోనో ఉద్యోగం ఇంటర్వ్యూలోనో ఎదురైతే ఎలా ఉంటుంది? మనుషుల మరుపు ఒక రకమైన దయ. ఊరు మన చిన్నతనపు తప్పులను మెల్లగా మరిచిపోయి, మనల్ని కొత్తగా చూడడం నేర్చుకునేది. యంత్రానికి ఆ మరుపు లేదు.

స్పెయిన్‌లో జరిగిన ఒక వ్యవహారం ఇక్కడ ఉపయోగపడుతుంది. 1998లో లా వాన్‌గార్దియా అనే దినపత్రికలో, బాకీల కింద ఒకాయన ఇల్లు వేలం వేస్తున్నట్టు రెండు చిన్న ప్రకటనలు పడ్డాయి. బాకీ వ్యవహారం ముగిసిపోయింది. కానీ పత్రిక పాత సంచికలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాక, గూగుల్‌లో ఆయన పేరు కొడితే ఆ వేలమే కనిపించేది. ఆయన పోరాడారు. ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు గాని, మరిచిపోమని అడిగిన మనిషి కాబట్టి నేను చెప్పను. 2014 మే 13న ఐరోపా న్యాయస్థానం ఆయన వైపు తీర్పు ఇచ్చింది. దాని తర్వాత 2018 నుంచి అమలులోకి వచ్చిన ఐరోపా సమాచార రక్షణ చట్టంలో చెరిపించుకునే హక్కుకు ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉంది.

ఈ కథలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పత్రిక పాత సంచికలోని ఆ పేజీని ఎవరూ చించలేదు. పత్రిక మీద ఆయన చేసిన ఫిర్యాదును స్పెయిన్ సమాచార రక్షణ సంస్థే తోసిపుచ్చింది. ఆగిపోయింది ఏమిటంటే, ఆయన పేరు పట్టుకుని వెతికితే గూగుల్ ఆ పేజీకి దారి చూపించడం. కాగితం అలాగే ఉంది. పేరుకూ కాగితానికీ మధ్య ముడి విప్పారు.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. అందులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ విడిగా రాసిన అభిప్రాయంలో, మనుషులు మారతారని, గతాన్ని దాటి కొత్తగా బతికే అవకాశం వాళ్లకు ఉండాలని చెప్పారు. ఆ వెంటనే హద్దులు కూడా చెప్పారు. భావప్రకటన, ప్రజాప్రయోజనం, చరిత్ర పరిశోధన వంటివాటికి అవసరమైన చోట ఈ హక్కు ఆగిపోతుంది. ఆ న్యాయమూర్తి పేరు గుర్తు పెట్టుకోండి, తర్వాతి మెట్టు మీద మళ్లీ కలుస్తారు.

విద్యార్థులు తప్పక అడుగుతారు, 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏమంటుందని. మన సమ్మతితో ఒక సంస్థ తీసుకున్న వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు అందులో ఉంది. కానీ మనంతట మనమే నలుగురి ముందూ పెట్టిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే మన ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి చట్టం పక్కకు తప్పుకుంది. ఇక్కడ మర్యాదను మనమే ఏర్పరచుకోవాలి.

4. తుడిచే వీలుంటే తుడిపించేవాళ్లూ ఉంటారు

నాలుగో మెట్టు మన పొరుగు రాష్ట్రంలోది. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో మాదొరుబాగన్ అనే నవల రాశారు. నాలుగేళ్ల తర్వాత, 2014 డిసెంబరులో, ఆయన సొంత ప్రాంతమైన తిరుచెంగోడులో ఆ నవల మీద ఆందోళన లేచింది. 2015 జనవరిలో అధికారుల సమక్షంలో ఒక శాంతి సమావేశం జరిగింది. ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పి, అమ్ముడుపోని ప్రతులు వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టారు. ఆ తర్వాత రచయితగా తాను చనిపోయానని ప్రకటించి, తన పుస్తకాలన్నిటినీ ఉపసంహరించుకున్నారు.

కాగితం మీద చూస్తే అది రచయిత తన మాటను తానే వెనక్కి తీసుకోవడం. సంతకం ఆయనదే, నిర్ణయమూ ఆయనదే అని ఎవరైనా అనవచ్చు. ఆ సంతకం వెనక ఎంత భయం, ఎంత ఏకాకితనం ఉన్నాయో లోకానికి తెలుసు. 2016 జులై 5న మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందం ఆయనను కట్టిపడేయదని చెప్పి, రచయిత మళ్లీ రాయాలని కోరింది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్. తనను మరిచిపోమని అడిగే హక్కు మనిషికి ఉందని ఏడాది తర్వాత చెప్పబోయే ఆ న్యాయమూర్తే, పుస్తకాన్ని ఇలా మరిపించడానికి వీల్లేదన్నారు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. మనిషిని కాపాడడమూ, మాటను కాపాడడమూ ఒకే న్యాయబుద్ధి చేసే రెండు పనులు. పెరుమాళ్ మురుగన్ మళ్లీ రాయడం మొదలుపెట్టారు.

దీనిలోంచి నేను తీసుకునే పాఠం ఇది. తుడిచేయడం అతి సులువైన చోట, తుడిపించడమూ అంతే సులువు. నీ మాట నువ్వే తీసెయ్ అని మెత్తగా చెప్పే బలవంతుడు ఇంట్లోనూ ఉంటాడు, ఊళ్లోనూ ఉంటాడు, ఆఫీసులోనూ ఉంటాడు. ఒకసారి అన్న మాటను పూర్తిగా వెనక్కి తీసుకోలేరన్న నియమం బలహీనుడికి డాలు అవుతుంది. తీసేయడం నా చేతిలో లేదండీ అని చెప్పగలగడం కొన్నిసార్లు ప్రాణరక్ష. మా పత్రికకు ఆ కార్డు రాసిన చేయి ఆ అమ్మాయిదే. అది ఎవరు రాయించారో నేను ఎన్నడూ తెలుసుకోలేదు.

5. దిద్దుకోవడానికి చోటు

అయిదో మెట్టు. మాట నిలవాలంటే మనిషి మారకూడదా? మారాలి. మారినవాళ్లే పెద్దవాళ్లయ్యారు.

గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత 1909లో రెండో కూర్పు వచ్చింది. రెండో కూర్పు కొద్దిపాటి సవరణ కాదు. పరిమాణంలోనూ పాత్రల లోతులోనూ అది దాదాపు కొత్త నాటకం. మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండో కూర్పునే. మొదటిది చాలాకాలం కంటికి కనిపించకుండా పోయి, సాహిత్య పరిశోధకుడు బంగోరె పూనికతో మళ్లీ అచ్చులోకి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లకే గురజాడ ఎంత దూరం నడిచారో తెలుస్తుంది. మొదటిది పూర్తిగా పోయి ఉంటే ఆయన గమ్యం తెలిసేది గాని ప్రయాణం తెలిసేది కాదు. దిద్దుకునే రచయితకు మొదటి కూర్పు మచ్చ కాదు, తన ఎదుగుదలకు సాక్ష్యం.

గాంధీజీ ఈ విషయాన్ని నియమంగానే పెట్టారు. 1933 ఏప్రిల్ 29 హరిజన్‌లో, తన రాతల్లో ఒకదానికొకటి పొసగనివి కనిపిస్తే, ఒకే విషయం మీద తర్వాత రాసినదాన్ని ఎంచుకోమని పాఠకులకు సూచించారు. పాతదాన్ని కాల్చేయమనలేదు. ఆయన రచనలు 1958 నుంచి 1994 దాకా ఇంగ్లీషులో నూరు సంపుటాలుగా వచ్చాయి. తర్వాత వాటికి ఒక సవరించిన కూర్పు తయారుచేసినప్పుడు, పాత సంపుటాల్లో ఉన్నవి కొన్ని అందులో లేవని పండితులు గుర్తించి గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ కూర్పును ప్రభుత్వం ఉపసంహరించుకోవలసి వచ్చింది. మారిన మనిషిగా బతికిన గాంధీజీకి మారకముందు మాటలు అడ్డం కాలేదు. వాటిని పోగొట్టడమే ఆయనకు జరిగే అన్యాయమని చదువరులకు తోచింది.

కాబట్టి అన్నవాడికి ఇవ్వవలసింది దిద్దుకునే హక్కు. నేనిప్పుడు అలా అనుకోవడం లేదు అన్న వాక్యం పాత వాక్యం పక్కనే, అంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. పాత మాటను ఎవరు ఎత్తి చూపినా ఈ కొత్త మాటతో కలిపే చూపాలి. అది లేకుండా పాతదాన్ని మాత్రమే తవ్వి తీసి మనిషిని నిలదీయడం దుర్మార్గం. మాటను తుడవకూడదని వాదించే నాలాంటివాళ్లు ఈ సంగతి రెట్టింపు గట్టిగా చెప్పాలి.

6. సభలు నేర్చుకున్న పద్ధతి

ఆరో మెట్టు మీద మనకు సిద్ధంగా ఒక నమూనా దొరుకుతుంది. నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడమే పనిగా ఉన్న చోట్లు ఈ చిక్కును ఎప్పుడో ఎదుర్కొన్నాయి.

ఆ వ్యాఖ్యలను రికార్డుల నుంచి తొలగిస్తున్నాం అని స్పీకర్ అనడం మీరు టీవీలో ఎన్నోసార్లు విన్నారు. లోక్‌సభ నియమావళిలో 380వ నియమం స్పీకర్‌కు ఆ అధికారం ఇస్తుంది. 381వ నియమం ఇంకా ముఖ్యమైనది. తొలగించిన చోట నక్షత్రం గుర్తులు పెట్టాలి, సభాధ్యక్షుల ఆదేశం మేరకు తొలగించామని పేజీ అడుగున రాయాలి. అంటే మాట పోతుంది, మాట ఉండేదన్న గుర్తు పోదు. తర్వాతి సభ్యుడు ఎందుకు లేచి అరిచాడో చదివేవాడికి కనీసం అంతవరకు అర్థమవుతుంది. ఇంకో సంగతి, తొలగించే అధికారం ఆ మాట అన్న సభ్యుడి చేతిలో లేదు. నా మాట ఉపసంహరించుకుంటున్నాను అని ఆయన అనవచ్చు, ఆ ఉపసంహరణ కూడా రికార్డులో చేరుతుంది.

రాజ్యాంగ సభ చర్చలు తెరిచి చూస్తే ఇది ఇంకా అందంగా కనిపిస్తుంది. ముసాయిదా రాజ్యాంగానికి 7,635 సవరణలకు నోటీసులు వచ్చాయి, వాటిలో 2,473 సభ ముందు ప్రతిపాదనకు వచ్చాయి. వాటిలో ఎన్నో చర్చ తర్వాత వెనక్కి పోయాయి. అలా పోయిన ప్రతిచోటా ఒకే రకమైన మాట ఉంటుంది, సభ అనుమతితో సవరణ ఉపసంహరించడమైనదని. అనుమతి ఎందుకు? సవరణ పెట్టినాయన తనదాన్ని తాను తీసుకుంటుంటే మిగతావాళ్లను అడగడం దేనికి? ఒకసారి సభ ముందు పెట్టి, దాని మీద పదిమంది మాట్లాడాక, అది ఆయన ఒక్కరిదే కాదు కాబట్టి. బదులు వచ్చాక మాట ఉమ్మడిదని నేను మొదట్లో అన్నది ఆ పెద్దల దగ్గర నేర్చుకున్నదే.

మరో నమూనా న్యాయస్థానాలది. లైంగిక దాడికి గురైన స్త్రీ ఎవరో బయటపెట్టడం 1983 నుంచి మన శిక్షాస్మృతిలో నేరం. అప్పటి 228ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. తీర్పు మొత్తం అచ్చవుతుంది, వాదనలుంటాయి, సాక్ష్యాలుంటాయి, ఆమె పేరు ఉండదు. సమాజం తెలుసుకోవలసింది తెలుసుకుంటుంది, మనిషి భద్రంగా ఉంటుంది. పేరునూ మాటనూ విడదీయవచ్చని, విడదీసినా న్యాయం జరుగుతుందని ఇంతకంటె గట్టి రుజువు అక్కర్లేదు.

మన జేబుల్లోని ఫోనుకు కూడా ఈ ఆచారం కొంత తెలుసు. వాట్సాప్ 2017లో అందరి దగ్గర నుంచీ సందేశాన్ని తీసేసే వీలు ఇచ్చినప్పుడు గడువు ఏడు నిమిషాలే. 2022 నాటికి అది రెండు రోజులు దాటింది. గడువు పెరగడం గురించి నాకు బెంగ ఉంది. కానీ తీసేసిన చోట సందేశం తొలగించినట్టు ఒక గుర్తు ఉంటుంది చూడండి, అది లోక్‌సభ నక్షత్రాలకు చెల్లెలు. ఆ గుర్తు కూడా లేకపోతే, బదులు చెప్పినవాడు తనలో తాను మాట్లాడుకునే పిచ్చివాడిలా కనిపిస్తాడు.

7. రేపటి పాఠకుడు

ఏడో మెట్టు మీద మళ్లీ ప్రతాపరెడ్డిగారి దగ్గరకు వస్తాను. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు వెతికేవాళ్లకు నిరాశే. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దొంగలకు భయపడ్డారు అన్నది ఆయన వెతికారు. ఆధారాలు ఎక్కడ దొరికాయి? పాల్కురికి సోమనాథుడి దగ్గర, క్రీడాభిరామంలో, శుకసప్తతిలో, హంసవింశతిలో. కవులు అసలు కథ చెబుతూ దారిలో అలవోకగా వదిలిన మాటల్లో. రాసినవాళ్లు ఆ మాటలను గొప్పవనుకుని ఉండరు. ఎవరైనా అడిగితే, అదంతా తీసేసినా నష్టం లేదని వాళ్లే అనేవారేమో. శతాబ్దాల తర్వాత ఒక వకీలుగారికి అవే బంగారమయ్యాయి.

ఈనాటి మన మాటల్లో రేపు దేనికి విలువ వస్తుందో మనకు తెలియదు. ఒక ఊళ్లో బోర్లు ఎండిపోయినప్పుడు రైతులు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కాలు, కరోనా రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్ కోసం ఇరుగుపొరుగు రాసుకున్న నాలుగు వాక్యాలు, గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చిన కబుర్లు, ఇవన్నీ రేపటి సాంఘిక చరిత్రకు ముడిసరుకు. అడిగినవాడు తన ప్రశ్న తీసేస్తే, చెప్పినవాడి అనుభవం తలలేని మొండెమవుతుంది.

ఇక్కడ శాసనాలు చదివేవాళ్లు ఉంటే వాళ్లకు ఒక మాట. మన దేశంలోని దానశాసనాల చివర ఒక శాపం తరచూ కనిపిస్తుంది. తానిచ్చినదైనా పరులిచ్చినదైనా, దానమిచ్చిన భూమిని మళ్లీ లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పడి ఉంటాడని. పరులిచ్చినది లాక్కోవడం పాపమని అందరం ఒప్పుకుంటాం. తానిచ్చినది కూడా అనడంలోనే ఉంది పెద్దల జాగ్రత్త. ఇచ్చాక దాని మీద వేరొకరు బతుకుతుంటారు, ఇల్లు కట్టుకుంటారు, చెట్టు నాటుకుంటారు. నలుగురి మధ్య అన్న మాట కూడా అలాంటి దానమే. బదులు చెప్పినవాడు దాని మీద ఇల్లు కట్టుకున్నాడు. నేను శాపం పెట్టడం లేదు, ఆ పోలికను మాత్రం మనసులో పెట్టుకోమంటున్నాను.

ముగింపు

ఏడు మెట్లూ ఎక్కాం. పైనుంచి చూస్తే కనిపించే పద్ధతి నాలుగు మాటల్లో చెప్పవచ్చు.

ఒకటి, బదులు రానంతవరకు మాట అన్నవాడిదే. కారణం చెప్పకుండా, ఎవరినీ అడగకుండా తీసేసుకోనివ్వండి. రెండు, బదులు వచ్చాక మాట నిలవాలి. కానీ పేరు, ఊరు, మనిషిని పట్టించే ఆనవాళ్లు ఎప్పుడు తీసేయమన్నా వెంటనే తీసేయాలి, అడిగినవాళ్లను సంజాయిషీ అడగకూడదు. మూడు, దిద్దుబాటుకు ఎప్పుడూ చోటుండాలి, అది పాత మాట పక్కనే ఉండాలి. నాలుగు, కొన్ని మాటలు పేరు తీసేసినా హాని చేస్తాయి. పసిపిల్లల సంగతులు, ఇతరుల రహస్యాలు, ప్రాణం మీదికి తెచ్చేవి. వాటిని తీసేయవలసిందే. ఆ నిర్ణయం అన్నవాళ్లు ఒక్కరే గాక ఆ మాటల బాధ్యత మోసేవాళ్లు కూడా కలిసి చేయాలి, తీసిన చోట నక్షత్రాలు మిగలాలి.

దీనివల్ల అన్ని బాధలూ తీరతాయని నేను అనను. పేరు తీసేసినా రాసిన తీరును బట్టి మనిషిని పోల్చుకునేవాళ్లు ఉంటారు. చిన్న ఊళ్లో ఒక్క సంగతి చాలు, ఎవరో తెలిసిపోతుంది. అలాంటప్పుడు నేను మనిషి పక్షానే నిలబడతాను, మాట పోయినా సరే. అయితే పోగొట్టే ముందు ఏం పోగొడుతున్నామో, అందులో ఎవరెవరి వాటా ఉందో తెలిసి పోగొట్టాలి.

రెండో మెట్టు మీద ఒక బాకీ మిగిల్చాను, అది తీర్చి సెలవు తీసుకుంటాను. ఆ కార్డు వచ్చిన రోజున నేను చేయవలసిన పని చాలా చిన్నది. సంపాదకుడు రోజూ చేసే పనే. తిరుగుటపాలో, చూసినవాళ్లకు ఏమీ అర్థం కాని రెండు ముక్కలు రాసి, అమ్మా, ఏది తీసేయమంటారు, పేరా, ఉత్తరమా అని అడగవలసింది. ఉత్తరమే తీసేయమని ఆమె గట్టిగా అని ఉంటే అలాగే చేసి, ఆ చోట ఒక ఉత్తరం ఉండేదని గుర్తయినా పెట్టి ఉండేవాణ్ణి. పేరు చాలునని అని ఉంటే, సంక్రాంతి నాడు గడప దగ్గర నుంచి వెనక్కి వెళ్లిన ఆ తమ్ముడు ఇవాళ్టికీ ఆ పుస్తకంలో ఉండేవాడు. తప్పకుండా మళ్లీ వస్తాడని పెద్దావిడ చెప్పిన మాట అతని పక్కన ఉండేది.

నేను అడగలేదు. మీరు అడగండి.